బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థించే ముందు



ఈ వారం వాక్యంలోకి వెళ్ళేముందు ఒక సాక్ష్యం చెప్పుకోవాలి. సాక్ష్యం అనగానే మేలు పొందిన సంగతే చెబుతాం. ఇందులో మేలూ ఉంది, మేము ఒప్పుకోవలసిన తప్పూ ఉంది.

మాకు నలభై ఆరేళ్ళు. సేవలోకి వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళూ మాకు మోటారు సైకిల్ నడపడం రాదు. సెమినరీలో గ్రీకు అక్షరాలు నేర్పారు గానీ గేర్లు నేర్పలేదు. ఊళ్ళో సేవకు సైకిల్ సరిపోయింది. పక్క ఊళ్ళలో గృహ కూడికలకు ఎవరో ఒక యవనస్తుడు వచ్చి, "ఎక్కండి అయ్యగారూ" అంటే వెనుక ఎక్కి కూర్చునేవాళ్ళం. ఒక చేతిలో బైబిలు, రెండో చెయ్యి అతని భుజం మీద. అలా ఎన్ని బండ్లు ఎక్కామో లెక్కలేదు.

మొన్న కోతల పండుగ కానుకల్లో మీరంతా కలిసి మాకొక పాత స్ప్లెండర్ కొనిపెట్టారు. దేవునికి స్తోత్రం. దాన్ని మందిరం ముందు నిలబెట్టి, తాళంచెవి మా చేతికిచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చేసి ఒక రౌండు కొట్టండి" అన్నారు. ప్రార్థన చేశాం. రౌండు మాత్రం కొట్టలేకపోయాం. మాకు రాదన్న సంగతి ఆ రోజే చాలామందికి తెలిసింది. నవ్వారు, మేమూ నవ్వాం.

ఆ నవ్వుల మధ్య, ప్రార్థన కోసం ట్యాంకు మీద చెయ్యి పెట్టినప్పుడు మా చెయ్యి కాసేపు ఆగిపోయింది. అది మీలో ఎవరూ గమనించి ఉండరు. ఎందుకు ఆగిందో ఇప్పుడు చెబుతాం.

నాలుగేళ్ళ క్రితం సంక్రాంతికి ముందు, మన సంఘంలోని ఒక బిడ్డ ఫైనాన్సు మీద కొత్త బండి కొనుక్కుని ఇలాగే మందిరం ముందుకు తెచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టాలన్నా, సమాధుల తోటలో కంప కొట్టాలన్నా ముందుండేవాడు. ఆ బండి మీద చెయ్యి పెట్టి ఇతని రాకపోకల్లో తోడుండమని, రెక్కల చాటున దాచమని దేవుణ్ణి అడిగాం. అతను మా చేతిలో వంద రూపాయలు పెట్టి, చల్లగాలికి తల ఎగరేసుకుంటూ వెళ్ళాడు. ఆ తలకు ఏమీ లేదు. మేము చూశాం. చూసి, ఊరుకున్నాం.

ఏడు నెలల తర్వాత ఒక పెళ్ళి నుంచి రాత్రిపూట వస్తూ, రోడ్డు పక్కన ఆగి ఉన్న గడ్డి ట్రాక్టరును గుద్దుకున్నాడు. ట్రక్కుకు వెనుక లైటు లేదు. ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. దెబ్బంతా తలకే తగిలింది. మూడో రోజున ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు.

భూస్థాపన కూడికలో వర్తమానం చెప్పింది మేమే. మన కాలగతులు దేవుని చేతిలో ఉన్నాయని చెప్పాం. ఆ మాట సత్యమే. కానీ ఆ సత్యం వెనుక మేము దాక్కున్నాం. అప్పుడు కాదు, ఇప్పుడు తెలుస్తోంది.

ఆ బిడ్డ తల్లి మన మందిరంలో స్త్రీల వైపు మూడో వరుసలో కూర్చుంటుంది. నాలుగేళ్ళలో ఒక్క ఆదివారం మానలేదు. మాతో ఒక్క మాట అనలేదు. మాకు బండి ఇచ్చిన రోజు అందరూ వెళ్ళిపోయాక, సంచి పట్టుకుని వచ్చింది. సంచిలో నుంచి కొత్త హెల్మెట్ తీసి అమ్మగారి చేతికిచ్చి, మా వంక చూసి ఇలా అంది:

"మావాడి బండికి మీరే ప్రార్థన చేశారు అయ్యగారూ. తలకేం పెట్టుకుంటావురా అని మీరూ అడగలా, నేనూ అడగలా."

అంతే అంది. వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. నాట్లకూ కోతలకూ వెళ్ళి దాచుకున్న డబ్బుతో కొన్నదది. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. ఆమె మా మీద నింద వెయ్యలేదు, తనతో పాటు మమ్మల్నీ పక్కన నిలబెట్టుకుంది. నింద వేసి ఉంటే ఏదో జవాబు వెతుక్కునేవాళ్ళమేమో. పక్కన నిలబెట్టుకుంటే జవాబు ఉండదు.

నేర్చుకుంటే సరిగ్గానే నేర్చుకోవాలని ఆ రాత్రి అనుకున్నాం.

ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాం. కంప్యూటరు ముందు కూర్చుని రోడ్డు గుర్తులకు జవాబులు పెట్టాం. మందిరం గోడ మీద వాక్యాలు రాసే తమ్ముడి చేత తెల్లరేకు మీద ఎర్రగా 'ఎల్' అక్షరం రాయించి బండికి ముందూ వెనుకా కట్టాం. నేర్పడానికి, ఊళ్ళో మోటార్లు బాగుచేసే మన యవనస్తుడు ఒప్పుకున్నాడు. ఒకప్పుడు సండే స్కూల్లో కంఠతా వాక్యం రాక మా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నవాడు. ఇప్పుడు హైస్కూలు గ్రౌండులో, "మళ్ళీ చెయ్యండి అయ్యగారూ" అనడం అతని వంతు అయింది.

మొదటి రోజు ఇంజను స్టార్టు చెయ్యనివ్వలేదు. క్వింటాలు పైన బరువున్న బండిని తోసుకుంటూ గ్రౌండు చుట్టూ తిప్పించాడు. స్టాండు వెయ్యడం, తియ్యడం, కూర్చుని రెండు కాళ్ళూ నేలకు ఆనించడం. ఎడమ చేతికి క్లచ్, ఎడమ కాలికి గేరు. కుడి చేతికి యాక్సిలేటరు, ముందు బ్రేకు. కుడి కాలికి వెనుక బ్రేకు. కళ్ళు మూసుకుని ఏది ఎక్కడుందో తడుముకుని చెప్పమన్నాడు. "ఇదంతా ఎందుకురా, నడపడం చూపించు" అన్నాం. "ఆపడం వచ్చాకే నడపడం అయ్యగారూ" అన్నాడు.

రెండో రోజు ఇంజను వేశాం. క్లచ్ ఒక్కసారి వదిలేస్తే బండి ఎగిరి ఆగిపోయింది. పదిసార్లు ఆగిపోయింది. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి ముందుకు లాగబోతున్నట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ చెయ్యి నిలిపి, కొద్దిగా యాక్సిలేటరు ఇచ్చి, మిగతాది నెమ్మదిగా వదలాలి. తొందరపడేవాడికి క్లచ్ లొంగదు. పది అడుగులు పోవడం, ఆపడం. మళ్ళీ పది అడుగులు, ఆపడం. మొదటి వారమంతా ఇదే పని.

మా కళ్ళు ఎప్పుడూ ముందు చక్రం మీదే ఉండేవి. గ్రౌండు మధ్యలో ఒక రాయి ఉంది. దాన్ని తప్పించాలని దాన్నే చూస్తే సరిగ్గా దాని మీదికే వెళ్ళాం. "రాయిని చూస్తే రాయి మీదికే పోతారు. మీరు వెళ్ళాల్సిన చోటు చూడండి" అన్నాడు. పేతురు నీళ్ళ మీద నడుస్తూ గాలిని చూసి మునిగిపోబోయిన సంగతి ఎన్నిసార్లు ప్రసంగించామో! అది ఒంటికి తెలిసింది మాత్రం ఆ రాయి దగ్గరే.

మూడో వారంలో పడ్డాం. గ్రౌండు మూలలో ఇసుక ఉంది. మలుపు తిరుగుతూ భయపడి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాం. ముందు చక్రం జారి, బండి ఒక పక్కకు, మేము ఒక పక్కకు. మోకాలు చెక్కుకుపోయింది. తల నేలకు తగిలిన చప్పుడు హెల్మెట్ లోపల గంట కొట్టినట్టు వినిపించింది. గోడ మీద కూర్చున్న పిల్లలు, "అయ్యగారు పడ్డారు! అయ్యగారు పడ్డారు!" అని ఊరంతా చాటారు. మా గురువు వచ్చి ముందు మమ్మల్ని లేపి, తర్వాత బండిని లేపి, ఆ తర్వాత పాఠం చెప్పాడు.

యవనస్తులారా, ఈ పాఠం మీరూ వినండి. మీలో చాలామంది వెనుక బ్రేకు ఒక్కటే తొక్కుతారు, ముందుది పడేస్తుందన్న భయంతో. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకు వాలుతుంది. కాబట్టి పొడి రోడ్డు మీద బండి నిటారుగా ఉన్నప్పుడు ఎక్కువ ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, పిండినట్టు క్రమంగా పట్టాలి. ఇసుకలో, బురదలో, మలుపులో మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టారా, మాకు జరిగిందే. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో కాదు. వేగం రెండింతలు చేస్తే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. గంటకు నలభై కిలోమీటర్లంటే మనకు నెమ్మదిగా పోతున్నట్టే అనిపిస్తుంది. కానీ ఒక్క సెకనులో పదకొండు మీటర్లు పోతాం. ఫోను వంక ఒక్కసారి చూసి తలెత్తేలోపు ఒక ఇల్లంత దూరం కళ్ళు మూసుకుని పోయినట్టే.

ఆ హెల్మెట్‌కు ఒక పక్క పెచ్చు లేచి, లోపల పొర నలిగింది. ఇంకా వాడవచ్చనుకున్నాం. "వద్దు అయ్యగారూ" అన్నాడు మా గురువు. హెల్మెట్ లోపల థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తలకు రావలసిన దెబ్బను తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగింది మళ్ళీ కాపాడలేదు, కొత్తది కొనుక్కోవాలి. ఆ మాట విని మేము చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాం. మన దెబ్బ తాను తీసుకుని నలిగినవాణ్ణి ఎరిగిన మనకు, ఇంతకంటే వివరంగా ఎవరు చెప్పాలి? కూలి చేసుకునే ఒక తల్లి కొనిచ్చిన ఆ వస్తువు, ఆమె కొడుకుకు దొరకని రక్షణను మాకిచ్చింది. ఆమె దగ్గరకు వెళ్ళి చూపించాం. నలిగిన చోట చేత్తో తడిమి, "పోనీలెండి, పనికొచ్చింది" అంది. మరో మాట లేదు.

నెల దాటాక లైసెన్సు పరీక్షకు వెళ్ళాం. అంకె ఎనిమిది ఆకారంలో గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా తిరిగి రావాలి. రెండో సున్నా దగ్గర మా కాలు కింద పడింది. తప్పాం. మన సంఘపెద్ద ఒకాయన ప్రేమకొద్దీ, "తెలిసినవాళ్ళున్నారు అయ్యగారూ, మాట్లాడతాను, మీకెందుకీ తిప్పలు" అన్నారు. నిజం చెప్పాలంటే మనసు అటే లాగింది. ఆ వారం కాలువ అవతల ఊళ్ళో రెండు కూడికలున్నాయి. కానీ కాలు కింద పెట్టకుండా తిరగలేనివాడు రేపు సందులో పసిపిల్ల అడ్డం వస్తే ఏం చేస్తాడు? కాగితం మీద వచ్చినట్టు ఉంటే చక్రానికి తెలుస్తుందా? వద్దన్నాం. మరో పది రోజులు ముగ్గుపిండితో గ్రౌండులో ఎనిమిది గీసుకుని, అందులోనే తిరిగాం. రెండోసారి పాసయ్యాం. దేవునికి స్తోత్రం.

ఇక వాక్యం దగ్గరకు వద్దాం. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం తీసి చదవండి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా అక్కడనుంచి పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుందని అక్కడ ఉంది. ఇన్నేళ్ళ సేవలో దాని మీద మేము ఒక్క వర్తమానం చెప్పలేదు. పరలోకాన్ని పాలించే దేవుడు పిట్టగోడ సంగతి ఎందుకు పట్టించుకున్నాడు? పడేవాణ్ణి ప్రేమించాడు గనుక. మీరు నా మీద విశ్వాసముంచారు కాబట్టి మిద్దెకు గోడ అక్కర్లేదని ఆయన అనలేదు. విశ్వాసికే ఆ ఆజ్ఞ ఇచ్చాడు. హెల్మెట్ తలకు కట్టుకునే పిట్టగోడ.

ఇప్పుడు మత్తయి సువార్త 4వ అధ్యాయం తెరవండి. అపవాది యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నాడు. దూతలు పట్టుకుంటారని కీర్తనలో ఉన్న వాగ్దానాన్నే చూపించాడు. వాగ్దానం నిజమైనదే. అయినా ప్రభువు దూకలేదు. అది దేవుణ్ణి శోధించడం అవుతుందన్నాడు. ప్రార్థన చేయించుకున్నాం కదా అని వట్టి తలతో రాత్రిపూట ఎనభైలో పోవడం ఆ శిఖరం అంచున నిలబడటమే. ఆ బిడ్డకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన కాపరి మా ప్రార్థనను బండికి కట్టిన తాయెత్తులా కట్టి పంపించాడు. ఆ కాపరి మేమే. దేవుని ఎదుట ఒప్పుకున్నాం. ఆ తల్లి ఎదుట ఒప్పుకున్నాం. ఇప్పుడు మీ ఎదుట ఒప్పుకుంటున్నాం.

అతని మరణానికి కారణాలన్నీ మాకు తెలుసని అనడం లేదు. హెల్మెట్ ఉంటే తప్పకుండా బతికేవాడని మేము చెప్పలేం. కానీ అడగవలసిన మాట అడగలేదని మాత్రం చెప్పగలం. దేవుని చిత్తమని మనం అనేవాటిలో కొన్ని మన నిర్లక్ష్యాలు కూడా దాక్కుని ఉంటాయి. వాటిని బయటికి తీసి చూడటం అవిశ్వాసం కాదు.

అందుకని ఇకమీదట మన సంఘంలో ఒక పద్ధతి పెట్టుకుందాం. కొత్త బండి ప్రార్థనకు తెచ్చేవారు లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం, ఐఎస్ఐ గుర్తున్న రెండు హెల్మెట్లు వెంట తీసుకురండి. రెండెందుకంటే, చట్టం నడిపేవారికే కాదు, వెనుక కూర్చునేవారికీ, నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలంటుంది. కొనలేనివారు ఉంటే చెప్పండి, స్త్రీల కూడిక కానుకల్లోంచి ఇద్దామని అమ్మగారు ఇప్పటికే మాట్లాడారు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల చేతికి గేర్ల బండి ఇవ్వకండి. 2019లో మారిన చట్టం ప్రకారం శిక్ష బండి ఇచ్చిన పెద్దవాళ్ళకే, మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. కానీ శిక్షకు భయపడి కాదు, బిడ్డకు భయపడి ఇవ్వకండి.

రైతు సోదరులారా, ట్రక్కు వెనుక ఎర్ర రేడియం స్టిక్కరు అంటించండి. రాత్రి రోడ్డు పక్కన ఆపవలసి వస్తే వెనుక ఒక లైటు పెట్టండి. రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తే చుట్టూ పెట్టిన రాళ్ళు చీకటి పడకముందే తీసేయండి. అక్కచెల్లెళ్ళారా, వెనుక కూర్చునేటప్పుడు చీరకొంగు, చున్నీ ఒళ్ళోకి దోపుకోండి, చక్రంలో పడితే మెడకో నడుముకో చుట్టుకుంటుంది. కూడికకు ఆలస్యమవుతోందని బండి తోలకండి. పాట అయిపోతే ప్రార్థనకు అందుకోవచ్చు.

ఈ పద్ధతి విని మన యవనస్తులు మాకొక పేరు పెట్టారు. లైసెన్సు పరీక్ష పెట్టే అధికారిని మనవాళ్ళు బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు కదా, "మన అయ్యగారు బ్రేకు ఇన్‌స్పెక్టర్ అయ్యారు" అంటున్నారట. మాకు సంతోషమే. ఆపడం నేర్పేవాడు కూడా కాపరే కదా.

లైసెన్సు వచ్చేదాకా, చట్టప్రకారం నేర్పేవారిని తప్ప ఇంకెవరినీ వెనుక ఎక్కించుకోకూడదు. అందుకని అమ్మగారు నడిచో ఆటోలోనో వచ్చేవారు. పోయిన శుక్రవారం మొదటిసారి ఆమెను ఎక్కించుకుని కొమ్మమూరు కాలువ గట్టు మీదుగా గృహ కూడికకు బయలుదేరాం. సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. ముప్పైలో పోతున్నాం. సైకిళ్ళవాళ్ళు తప్ప అందరూ మమ్మల్ని దాటుకుపోతున్నారు.

ఊరి చివర ఆ తల్లి గడ్డిమోపు తలమీద పెట్టుకుని ఎదురొచ్చింది. మేము క్లచ్ పట్టి, రెండు బ్రేకులూ మెల్లగా వేసి ఆపాం. కాలు కింద పెట్టాం. ఆమె మోపు దించకుండానే ఒక చెయ్యి చాచి, మా గడ్డం కింద పట్టీ లాగి చూసింది. అమ్మగారిది కూడా లాగి చూసింది.

"ఊఁ, బిగించారు. ఇక వెళ్ళిరండి" అంది.

పంతొమ్మిదేళ్ళుగా మేము ఎందరినో ఆశీర్వదించి పంపాం. ఆ రోజు మమ్మల్ని ఆశీర్వదించి పంపింది ఆమె.

ప్రార్థన చేసుకుందాం. పరలోకపు తండ్రీ, మా రాకపోకలు నీ చేతికి అప్పగిస్తున్నాం. మేము చెయ్యవలసిన పనిని నీ మీదికి నెట్టిన ప్రతిసారీ మమ్మల్ని క్షమించు. అడగవలసిన మాట అడిగే ప్రేమ మాకివ్వు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులను నీ కౌగిట్లో ఉంచు. ఈ రాత్రి బండి మీద ఇంటికి వస్తున్న ప్రతి బిడ్డనూ క్షేమంగా గుమ్మం ఎక్కించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

క్రీస్తు సేవలో,
మీ సంఘకాపరి